మరవ లేని చెరువుల వెంట ఐదు రోజులు

లేక్ వ్యూ గది అని రాసి ఉంది. రాత్రికి 214 డాలర్లు, టాక్స్ 26, చెరువు వైపు కిటికీ ఉన్నందుకు విడిగా మరో 35. మొత్తం 275 డాలర్లు నెల ముందే కార్డు మీద కట్టేశాం. ఫోటోలో కిటికీ కింద నీలం నీళ్ళు, చిన్న రేవు, దానికి కట్టేసిన రెండు పడవలు ఉన్నాయి. మేం వెళ్ళి కర్టెన్ జరిపితే ముందు కార్ల పార్కింగు, దాని వెనక బూడిద రంగు పొదలు, ఆ తర్వాత తెల్లగా చౌడు తేలిన నేల. ఎక్కడో దూరాన కొండ కింద సన్నగా గీత గీసినట్టు నీళ్ళు. రేవు మాత్రం ఉంది. ఫోటోలో ఉన్న రేవే. దాని సిమెంటు దారి పొదల్లోకి దిగి, అక్కడే ఆగిపోయింది.

ఆ లాడ్జి పేరు, ఊరి పేరు రాయను. ఊరు చాలా చిన్నది, పేరు చెప్తే ఎవరిదో తెలిసిపోతుంది. జరిగింది మాత్రం రాయాలి. కాలిఫోర్నియాలోని బే ఏరియా నుంచి మనవాళ్ళు అమ్మానాన్నల్ని తీసుకుని, నెవాడా దాకా పోయే ఈ చెరువుల దారిలో చాలామంది వెళ్తున్నారు. ఫోటో చూసి డబ్బు కట్టేముందు ఒక్కసారి ఆలోచించుకుంటారని.

కౌంటర్ దగ్గర ఉన్నాయన "చెరువు కనిపిస్తోంది కదా మేడమ్" అని వేలు పెట్టి చూపించాడు. ఈ ఫోటో ఎప్పటిది అని అడిగాను. మా నాన్నగారి కాలంలో తీసింది అన్నాడు. అలాంటప్పుడు ఇప్పుడెందుకు పెట్టారు, ఆ 35 డాలర్లయినా వెనక్కివ్వండి అన్నాను. పాలసీ ఒప్పుకోదన్నాడు. చెరువు వెనక్కి పోతే నేనేం చేయగలను అన్నాడు. నలభై నిమిషాలు వాదించాను. గొంతు పోయింది కానీ పైసా రాలేదు. గదిలో వేడినీళ్ళు రెండు బకెట్లు వచ్చి ఆగిపోయాయి. అబ్బాయి కోసం అదనపు మంచం అడిగితే 25 డాలర్లు తీసుకుని మడత మంచం ఇచ్చారు. దాని స్ప్రింగు ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంది. మా ఆయన దాని మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, తనే పడుకున్నాడు. పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడలేదు.

నేను కౌంటర్ దగ్గర కొట్లాడుతున్నంత సేపూ నాన్న అక్కడ లేడు. రేవు దగ్గర్నుంచి నీళ్ళ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడట. తిరిగొచ్చేసరికి చీలమండల దాకా తెల్లటి ఉప్పు అంటుకుని ఉంది. "1,140 అడుగులు వేసినా పాపా. వాడితో కొట్లాడద్దు. నీళ్ళు యాడికి పోయినాయో వాడికీ తెలీదు" అన్నాడు.

అసలు ఈ ప్రయాణం మొదలైందే నాన్న వల్ల. ఆయన 31 ఏళ్ళు తుంగభద్ర ఎగువ కాలువ మీద పనిచేశాడు. కాలువ నీళ్ళు చూసుకునే లస్కరుగా చేరి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. అనంతపురం జిల్లాలో తూములు, షట్టర్లు, గండ్లు, రాత్రుళ్ళు టార్చిలైటుతో కట్ట మీద తిరగడం, ఇదే ఆయన జీవితం. మే నెలలో అమ్మతో కలిసి ఫ్రీమాంట్‌లో మా ఇంటికొచ్చాడు. ఒకరోజు నాన్న మా అబ్బాయి స్కూలు మ్యాపు ముందేసుకుని ఒక ఏటి మీద వేలు పెట్టాడు. టాహో చెరువులో పుట్టి, తూర్పుకి పోయి, నెవాడాలో ఇంకో చెరువులో ఆగిపోయింది. "ఇది సముద్రానికి పోదా?" అని అడిగాడు. పోదు అన్నాను. ఆ రోజు రాత్రి పది దాకా మ్యాపు వదల్లేదు. అలాంటివి ఇంకో మూడు పట్టుకున్నాడు. 2024 జూన్ చివరి వారం సోమవారం బయల్దేరి, శుక్రవారం తిరిగొచ్చేట్టు ప్లాన్ వేసుకున్నాం. మోనో, ఓవెన్స్, వాకర్, పిరమిడ్. నాలుగు చెరువులు. ఏడు సీట్ల బండి ఐదు రోజులకి 468 డాలర్లు.

అమ్మకి మొదటి నుంచీ ఇష్టం లేదు. "నీళ్ళు లేని చెరువులు చూడ్డానికి ఇంత దూరం పోవాల్నా, మన ఊళ్ళో లేవా" అంది. అందులో తప్పేం లేదు. అయినా పులిహోర కలిపింది, జొన్నరొట్టెలు చేసింది, కందిపొడి సీసా పెట్టింది.

చెరువు నిండాక మిగిలిన నీళ్ళు బయటికి దొర్లిపోయే చోటుని మా వైపు మరవ అంటాం. కోస్తా వాళ్ళు అలుగు అంటారు. మరవ మీద నుంచి పోయే నీళ్ళతోపాటే చెరువులోని ఉప్పు కూడా కొంత కొట్టుకుపోతుంది. సియెర్రా నెవాడా కొండలకి తూర్పున ఉన్న ఈ చెరువులకి మరవ లేదు. చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలాంటి నేల. కొండ మీద మంచు కరిగి ఏరై దిగి, పళ్ళెంలో చేరుతుంది. అక్కడి నుంచి ఆవిరై పైకి పోవడం తప్ప ఇంకో దారి లేదు. ఆ ఎండకీ, పొడిగాలికీ ఏడాదికి సుమారు నాలుగు అడుగుల నీళ్ళు ఎగిరిపోతాయి. ఉప్పు మాత్రం ఉండిపోతుంది. ఏరు తెచ్చిపోసేదీ ఎండ తీసుకుపోయేదీ సమానంగా ఉన్నంత కాలం చెరువు ఉన్నచోటే ఉంటుంది. ఏరు తగ్గితే చెరువు లోపలికి జరుగుతుంది. నీటి విస్తీర్ణం తగ్గేకొద్దీ ఆవిరీ తగ్గుతుంది కాబట్టి, కొత్త లెక్క కుదిరిన చోట మళ్ళీ నిలబడుతుంది. ఏరు మొత్తం ఆగిపోతే ఇక ఏ లెక్కా కుదరదు. నాన్న దీన్ని ఒక్క మాటలో చెప్పాడు. "ఈ చెరువు టెయిలెండ్ రైతు. పైన ఎవరెంత తీసుకున్నా తగ్గేది ఈడనే." టెయిలెండ్ అంటే కాలువ చివర.

మొదటి రోజు యోసెమిటీ మీదుగా టియోగా పాస్ దాటాం. నేషనల్ పార్కుల ఏడాది పాస్ అప్పుడు 80 డాలర్లు, మా దగ్గర ముందే ఉంది. కనుమ ఎత్తు 9,943 అడుగులు. నాన్నకి కాస్త తల తిరిగింది. పెద్దవాళ్ళుంటే మధ్యలో రెండు చోట్ల ఆపి నీళ్ళు తాగిస్తూ వెళ్ళండి. ఇంకో మాట, పెట్రోలు కొండ ఎక్కకముందు ఓక్‌డేల్‌లోనే ఫుల్ చేయించుకోండి. కొండ దిగాక లీ వైనింగ్‌లో గ్యాలన్ 6 డాలర్ల 59 సెంట్లు చూశాం. రెండ్రోజుల తర్వాత నెవాడాలో అదే గ్యాలన్ 4 డాలర్ల 39 సెంట్లకి పోయించుకున్నాం.

మోనో చెరువు దగ్గర సౌత్ టూఫా అనే చోటికి వెళ్ళాలి. మనిషికి 3 డాలర్లు, పిల్లలకి లేదు, నేషనల్ పార్క్ పాస్ ఉంటే అదీ లేదు. ఈ ప్రయాణం మొత్తంలో అత్యంత తక్కువ ఖర్చుతో అత్యంత ఎక్కువ చూసింది అక్కడే. తాగే నీళ్ళు ఉండవు, నీడ ఉండదు, పొద్దున ఎనిమిదికల్లా చేరుకోండి. ఒడ్డు నిండా మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తున పుట్టల్లాగా సున్నపు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. ఇవన్నీ నీళ్ళ అడుగున తయారైనవి. కింద ఊటల్లోంచి వచ్చే సున్నం, చెరువు నీళ్ళలోని సోడాతో కలిసి గట్టిపడి పేరుకుంటుంది. కాబట్టి స్తంభం పొడి నేల మీద కనిపించిందంటే, ఒకప్పుడు అక్కడ దాని తల మునిగేంత నీళ్ళు ఉండేవన్నమాట.

నాన్న వంగి నీళ్ళలో చెయ్యి ముంచి, వేళ్ళు రుద్దుకున్నాడు. జారుతున్నాయి. "చాకిరేవు సోడా" అన్నాడు. వాసన చూశాడు, నాలిక మీద చుక్క వేసుకుని ఉమ్మేశాడు. సముద్రం కంటే రెండున్నర రెట్లు ఉప్పు. ఒడ్డు వెంబడి నల్లగా పట్టీ పరిచినట్టు ఈగలు. అమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది కానీ అవి మనిషి జోలికి రావు. నడుస్తుంటే అల విరిగినట్టు రెండు పక్కలకీ విడిపోతాయి. మా అబ్బాయి బోర్లా పడుకుని చూసి అరిచాడు. ఒక ఈగ ఒంటి చుట్టూ గాలి బుడగ తొడుక్కుని నీళ్ళలోకి నడిచి దిగుతోంది. ఆ ఈగలు, నీళ్ళలో గోరు ముక్కంత లేత రొయ్యలు, వీటిని తిని బతికే లక్షల పక్షులు. చేప ఒక్కటి కూడా ఉండదు. ఇక్కడి కుట్సాడికా జనం ఆ ఈగల ప్యూపాలనే ఎండబెట్టుకుని తినేవాళ్ళు.

కాలిబాట పక్కన ఫలానా సంవత్సరంలో నీళ్ళు ఇక్కడి దాకా ఉండేవని చెప్పే బోర్డులు పాతి ఉన్నాయి. 1941లో లాస్ ఏంజెలెస్ నగరం ఈ చెరువులో కలిసే ఏర్లని పైనే మళ్ళించుకుంది. 1982 నాటికి నీటిమట్టం 45 అడుగులు పడిపోయింది. చెరువులో నీళ్ళు సగమయ్యాయి, ఉప్పు రెట్టింపయింది. నడిమధ్య దీవి మీద పక్షులు గుడ్లు పెట్టేవి. 1979లో మట్టం తగ్గి దీవికీ ఒడ్డుకీ మధ్య నేల తేలింది. కొయోట్ నక్కలు నడిచి వెళ్ళి గూళ్ళు తినేశాయి. కొందరు కాలేజీ పిల్లలు 1976లో ఇక్కడ మకాం వేసి లెక్కలు తీశారు. తర్వాత 1978లో కమిటీ పెట్టారు, కోర్టుకి వెళ్ళారు. ఇలాంటి నీళ్ళు ప్రజలందరి ఆస్తి, నగరానికి హక్కు పత్రం ఉన్నా చెరువుకి జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందేనని 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. 1994లో సముద్ర మట్టానికి 6,392 అడుగుల దాకా చెరువుని మళ్ళీ నింపాలని ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఏళ్ళయింది, ఇంకా అక్కడికి చేరలేదు. 2023లో మంచు విపరీతంగా పడి ఒక్క ఏడాదిలోనే కొన్ని అడుగులు లేచిందట.

ఇవన్నీ మాకు చెప్పింది అక్కడ ఉచితంగా తిప్పి చూపించే ఒక పెద్దావిడ. నాన్న అడిగిన ప్రతి ప్రశ్ననీ నేను ఇంగ్లీషులో చెప్తుంటే, ఆవిడ ఓపికగా గంటంపావు నిలబడి జవాబిచ్చింది. నాన్న ఏ ఏటికి ఎన్ని క్యూసెక్కులని అడిగితే, ఆవిడ సంచిలోంచి కాగితం తీసి చూసి చెప్పింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఈ రకం మనుషులు ఉన్నచోట ఒక పూట ఎక్కువ కేటాయించుకోండి.

మర్నాడు దక్షిణంగా రెండు గంటల ప్రయాణం, లోన్ పైన్. మోటెల్ 138 డాలర్లు, శుభ్రంగా ఉంది, కెటిల్ ఇచ్చారు, కిటికీలోంచి మౌంట్ విట్నీ కనిపిస్తుంది. అక్కడ వ్యూ కోసం విడిగా ఎవరూ అడగలేదు.

ఓవెన్స్ చెరువు గురించి ముందే చదివినా, మనసు అంత బరువెక్కుతుందనుకోలేదు. ఇది దాదాపు 110 చదరపు మైళ్ళ చెరువు. 1870లలో ఎదురుగా కొండ మీది గనుల వెండిని ఆవిరి పడవలు ఈ దరి నుంచి ఆ దరికి మోసేవి. 1913 నవంబరులో లాస్ ఏంజెలెస్ కాలువ తెరిచారు. 233 మైళ్ళు, ఎక్కడా పంపు లేదు, పల్లానికి పారుతూ పోవడమే. ఆ కాలువ ఓవెన్స్ ఏటిని మొత్తంగా తీసుకెళ్ళిపోయింది. 1926 నాటికి చెరువు ఎండిపోయింది. నాన్న ఆ కాలువ వాలు గురించి మెచ్చుకుంటూ చాలాసేపు మాట్లాడాడు. ఆ కాలంలో లెవెలింగ్ అంత నిక్కచ్చిగా చేశారా అని. అది ఆయన వృత్తి, మెచ్చుకోకుండా ఉండలేడు. మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. అప్పుడు మాటలు ఆగిపోయాయి.

ఎండిన చెరువులో ఉండేది మామూలు మట్టి కాదు. ఉప్పూ సోడా కలిసి చలికాలంలో పొంగి, పిండిలా వదులవుతుంది. గాలి వస్తే అది లేస్తుంది. ఒకప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నటి దుమ్ము అమెరికా మొత్తంలో ఒకే చోటి నుంచి ఎక్కువగా లేచేది ఇక్కడే. మా అబ్బాయికి ఆస్తమా ఉంది. కారు అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ లోపలి గాలి మీద పెట్టి కూర్చున్నాం. ఇప్పుడు నయమని ఊళ్ళో వాళ్ళు చెప్పారు. నగరం వంద కోట్ల డాలర్ల పైన ఖర్చుపెట్టి దుమ్ము అణచే పనులు చేయించింది. కొన్ని మడుల్లో కంకర పరిచారు, కొన్నింట్లో ఉప్పుకి ఓర్చే గడ్డి వేశారు, కొన్నింట్లో పలచగా నీళ్ళు కడుతున్నారు. మట్టి రోడ్డు మీద కొంత దూరం లోపలికి వెళ్తే బారులు తీరిన స్ప్రింక్లర్లు తిరుగుతూ కనిపించాయి. నాన్న కారు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "చెరువుకి స్ప్రింక్లర్లు పెట్టినారు" అన్నాడు మెల్లగా. వేరుశనగ చేలల్లో సబ్సిడీ స్ప్రింక్లర్లు చూసిన మనిషి ఆయన. పంట లేదు, విత్తనం లేదు, మట్టి ఎగరకుండా తడుపుతున్నారంతే. ఆ మడుల్లో పక్షులు మాత్రం తిరిగొచ్చాయి. సన్నకాళ్ళ పిట్టలు నీళ్ళంచున పరుగులు తీస్తున్నాయి. అది చూసి మా అబ్బాయి అద్దం దించమని గొడవ చేశాడు.

లోన్ పైన్‌కి ఉత్తరంగా హైవే పక్కనే అలబామా గేట్స్ అనే చోట కాలువ మీద షట్టర్లు కనిపిస్తాయి. 1924 నవంబరులో ఈ లోయ జనం వచ్చి వాటిని పట్టుకుని, నీళ్ళని పాత ఏట్లోకి వదిలేశారు. నాలుగు రోజులు అక్కడే వంటలు చేసుకుని కూర్చున్నారు. ఇది నేను చదివి చెప్పగానే నాన్న రోడ్డు పక్కన కంచె పట్టుకుని నిలబడ్డాడు. నాన్న పనిచేసిన కాలువ మీద ఒక ఎండాకాలంలో చివరి ఆయకట్టు రైతులు రాత్రి ట్రాక్టర్లేసుకుని వచ్చి తమ తూము షట్టర్ ఎత్తేశారట. తెల్లారి పోలీసులతో వెళ్ళి దించింది నాన్నే. "వాళ్ళలో మీ అమ్మ తరఫువాళ్ళు ఇద్దరున్నారు. దించమని ఆర్డరు. దించినా" అన్నాడు. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. అమ్మకి తెలుసు. కార్లోంచి దిగకుండా అటువైపు చూస్తూ కూర్చుంది.

వాకర్ చెరువు గురించి ఎక్కువ రాయడానికి లేదు. హైవే చెరువు అంచునే పోతుంది, ఆగి చూడ్డానికి చోటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఎదుటి కొండల మీద తొట్టి గోడకి పట్టిన చారల్లా పాత నీటిమట్టాల గీతలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. పైన లోయల్లో 1860ల నుంచీ ఏటి నీళ్ళని పొలాలకి మళ్ళించుకుంటున్నారు. 1882 నుంచి లెక్కేస్తే చెరువు 150 అడుగుల పైన దిగింది. ఉప్పు పెరిగి ట్రౌట్ చేప బతకడం మానేసింది. ఆ చేపనే పేరుగా పెట్టుకున్న పైయూట్ అనే ఆదివాసీ తెగ ఆ ఏటి మీదే ఉంటుంది. ఇప్పుడు ఒక సంస్థ ఇష్టపడి అమ్మే రైతుల దగ్గర నీటి హక్కులు కొని, ఆ వాటా నీళ్ళని చెరువుకి వదిలిస్తోంది. బలవంతం లేదు, ధర ఇచ్చి కొంటున్నారు. నాన్నకి ఇది బాగా నచ్చింది. ఫోన్ సిగ్నల్ ఈ దారిలో చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మూడు రోజులుగా అమ్మ సరిగ్గా తినలేదు. పులిహోర అయిపోయింది, రొట్టెలు ఎండిపోయాయి, లాడ్జి సంగతితో అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి. పైయూట్ వాళ్ళ ఊళ్ళో రోడ్డు పక్కన ఒక టెంటు కింద ఇద్దరు ఆడవాళ్ళు నూనెలో రొట్టెలు వేయిస్తున్నారు. వాసనకి మా ఆయనే బండి ఆపాడు. పంది కొవ్వా అని అడిగాను, కాదు, మామూలు వంటనూనె అన్నారు. మీరూ తప్పకుండా అడగండి, కొన్నిచోట్ల కొవ్వులో వేయిస్తారు. అరచేయి రెండింతల వెడల్పున పొంగిన రొట్టె, దాని మీద ఉడికించిన బీన్స్, ఉల్లిపాయ, టమాటా. మాంసం లేకుండా ఒక్కోటి 9 డాలర్లు. ఉత్త రొట్టె తేనెతో 5 డాలర్లు. అమ్మ అంచు తుంచి నోట్లో పెట్టుకుని "మైదాపిండి, పులిసింది కాదు, సోడా వేసినారు" అంది. రెండో ముక్కకి సంచిలోంచి కందిపొడి సీసా తీసింది. వేయిస్తున్నావిడ అదేమిటని సైగ చేస్తే, అమ్మ ఆవిడ చేతిలో చిటికెడు వేసింది. ఆవిడ నాకి, కళ్ళు పెద్దవి చేసి, వెనకున్నామెని పిలిచింది. వాళ్ళిద్దరికీ సగం సీసా ఇచ్చేసి వచ్చింది అమ్మ. వాళ్ళు తేనె రొట్టెకి డబ్బులు తీసుకోలేదు. ఆ తర్వాత అమ్మ ఈ ప్రయాణం గురించి ఒక్క విసుగు మాట కూడా అనలేదు.

ఫాలన్ అనే ఊరు చేరుకునేసరికి ఒక్కసారిగా పచ్చదనం. ఎడారి మధ్యలో కంటికి ఆనినంత మేరా పశువుల మేతకోసం వేసిన అల్ఫాల్ఫా. నాన్న ఇక్కడ దిగాల్సిందే అన్నాడు. ఈ నీళ్ళలో కొంత, టాహోలో పుట్టిన ఆ ట్రకీ ఏటి మీద 1905లో కట్టిన డెర్బీ డ్యామ్ నుంచి మళ్ళించినవే. అమెరికా కేంద్ర ప్రభుత్వం మొట్టమొదట చేపట్టిన సాగునీటి పథకాల్లో ఇదొకటి. ఆ మళ్ళింపుతో పిరమిడ్ చెరువు 1960ల చివరికల్లా ఎనభై అడుగులకి పైగా పడిపోయింది. పక్కనే దానికి జంటగా ఉన్న విన్నెముక్కా చెరువు 1930లలో పూర్తిగా ఎండిపోయింది. నేను కోపంగా ఏదో అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "నూరేళ్ళ కింద రాండి, భూమిస్తాం, నీళ్ళిస్తాం అని గవర్నమెంటు పిలిస్తే వచ్చినోళ్ళు. పండించుకునేవాన్ని తప్పనలేం. లేని నీళ్ళు కాగితం మీద పంచినోళ్ళది తప్పు" అన్నాడు. మా ఎగువ కాలువకి కాగితం మీద 32.5 టీఎంసీలు. చేతికొచ్చేది మామూలుగా అంతకంటే తక్కువే. ఆ తేడా ఎవరి పొలంలో పడుతుందో ఆయనకి తెలుసు.

ఫెర్న్‌లీ అనే ఊళ్ళో డెర్బీ డ్యామ్ నుంచి వచ్చే ఆ కాలువ ఇళ్ళ మధ్య నుంచే పోతుంది. 2008 జనవరిలో దానికి గండి పడి ఐదు వందలకి పైగా ఇళ్ళు మునిగాయి. కట్టలో ఎలకజాతి జంతువుల బొరియలే కారణమని తేల్చారు. నాన్న తల ఊపుతూ, "పందికొక్కులు. యాడైనా అంతే" అన్నాడు.

పిరమిడ్ చెరువు పైయూట్ తెగవారిది. పర్మిట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, అక్కడికి వెళ్ళాక సిగ్నల్ కోసం వెతుక్కోవద్దు. ఆ చెరువు మలుపు తిరగ్గానే కనిపించినప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు. నాలుగు రోజులు చౌడు చూసిన కళ్ళకి అంత నీలం. వేల పెలికాన్ పక్షులు గూళ్ళు పెట్టుకునే అనాహో దీవి, గుడి గోపురంలా నీళ్ళలోంచి లేచిన పిరమిడ్ రాయి, దాని దగ్గరలో బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఆడమనిషిలాంటి ఇంకో రాయి. పిల్లలు పోట్లాడుకుని తలో దిక్కుకి వెళ్ళిపోతే తల్లి ఏడ్చి ఏడ్చి రాయైందనీ, ఆ కన్నీళ్ళే ఈ చెరువనీ వాళ్ళ కథ. ఆ రాళ్ళున్న ఒడ్డుకి బయటివాళ్ళని పోనివ్వరు. కథ చెప్పాక అమ్మ చాలాసేపు అటే చూసి, "పోనీకపోవడమే మంచిది" అంది.

నిక్సన్ అనే ఊళ్ళో వాళ్ళ మ్యూజియం ఉంది, గంట చాలు. కూయ్‌యూయి అనే చేప ప్రపంచంలో ఈ చెరువులో తప్ప ఎక్కడా లేదు, నలభై ఏళ్ళు బతుకుతుంది, గుడ్లు పెట్టడానికి ఏట్లోకి ఎదురెక్కాలి. మట్టం పడిపోయి ఏటి మూతి దగ్గర ఇసుక మేట వేస్తే ఎక్కలేకపోయింది. పాత ట్రౌట్ జాతి 1940లకల్లా ఇక్కడ పూర్తిగా పోయింది. ఇంకో కొండ వాగులో ఆ వంశం దొరికితే, 2006 నుంచి తెచ్చి మళ్ళీ వదులుతున్నారు. తెగవాళ్ళు దశాబ్దాల తరబడి కోర్టుల్లో పోరాడారు. ఇప్పుడు పైన కొండల్లో స్టాంపీడ్ అనే డ్యామ్‌లో నీళ్ళు ముఖ్యంగా ఈ చేపల కోసం నిలవచేసి, గుడ్లు పెట్టే కాలానికి వదులుతారు. చివరి ఆయకట్టు కోసం మీద ఒక డ్యామ్. నాన్న నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు, సరిగ్గా అర్థమైందా లేదా అని.

జేబులోంచి చిన్న పుస్తకం తీసి లెక్క వేశాడు. చెరువు దాదాపు లక్షా పన్నెండు వేల ఎకరాలు, ఏడాదికి నాలుగు అడుగుల ఆవిరి, టీఎంసీ అంటే సుమారు 23 వేల ఎకరాలకి అడుగు నీళ్ళు. అంటే పెరగకుండా తగ్గకుండా ఉన్నచోట ఉండటానికే ఈ చెరువుకి ఏడాదికి పంతొమ్మిది, ఇరవై టీఎంసీలు కావాలి.

ఏరు చూడాలన్నాడు. మ్యూజియంలో అడిగితే అక్కడున్న కుర్రాడు బయటికొచ్చి, ఎక్కడ బండి ఆపుకోవచ్చో, ఎక్కడ ఒడ్డుకి దిగొచ్చో చూపించాడు. ట్రకీ అక్కడ పెద్ద ఏరేం కాదు, కాటన్‌వుడ్ చెట్ల నీడలో చప్పుడు చేస్తూ పోతోంది. నాన్న ఒడ్డు వెంబడి ముప్పై అడుగులు కొలిచి రెండు చివర్లా రాళ్ళు పెట్టాడు. ఎండు పుల్ల విరిచి నీళ్ళ మధ్యకి విసిరాడు. మా అబ్బాయి ఫోన్‌లో టైమర్ నొక్కాడు. పన్నెండు సెకన్లు. వెడల్పు అరవై అడుగులని కంటితో అంచనా కట్టాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కర్ర పట్టుకుని దిగి లోతు చూశాడు, సుమారు రెండున్నర అడుగులు. పైనీళ్ళు వేగం, అడుగునీళ్ళు నిదానం కాబట్టి కొంచెం తగ్గించాలని మనవడికి చెప్పాడు. "320 క్యూసెక్కులు అనుకో."

ఎండ దిగుతోంది, ఇంకా గంటన్నర డ్రైవింగ్ ఉంది, మా ఆయన బండి స్టార్ట్ చేశాడు. నాన్న ఇంకో పుల్ల విరిచి మనవడి చేతికిచ్చి, ఈసారి నువ్వు విసురు అన్నాడు. అది చెరువు వైపు వంపు తిరిగి కనిపించకుండా పోయేదాకా ఇద్దరూ కదల్లేదు.